లెక్క ఒకటి ఎక్కువొచ్చింది: 3215031751 కేసు

నేపథ్యం

అంకెల మీద నడిచే సాఫ్ట్‌వేర్‌లో తేడా వస్తే చూసి పెట్టడం నా పని. ఈ కేసులోని టీమ్‌ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. సంఖ్యని మాత్రం మార్చలేదు, అది మారిస్తే కేసే మిగలదు.

వాళ్లు తయారు చేస్తున్నది విద్యార్థుల కోసం ఒక పేజీ. ఏదైనా పూర్ణ సంఖ్య టైప్ చేస్తే దాని జాతకం మొత్తం చెప్పాలి: ప్రధాన సంఖ్యా కాదా, కారణాంకాలేమిటి, భాజకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత, తనకంటే చిన్నవాటిలో తనతో ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని. మొదటి విడతలో 2³² లోపు సంఖ్యలు చాలనుకున్నారు. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వరకు.

కోడ్ నడిచే తీరు ఇలా ఉంది. ఇచ్చిన సంఖ్యని ముందు 100 లోపున్న 25 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తుంది. దేనితోనూ పోకపోతే మిల్లర్-రాబిన్ పరీక్షకి పంపిస్తుంది. కారణాంకాలు వెతక్కుండా, ఘాతాల శేషాలు చూసి సంఖ్య ప్రధానమో కాదో చెప్పే పరీక్ష అది. అందులో 2, 3, 5, 7 అనే నాలుగు ఆధారాలు, అంటే ఘాతానికి పెంచి చూసే సంఖ్యలు. నాలుగూ సరేనంటే "ప్రధాన సంఖ్య" అని ముద్ర వేసేసి మిగతా జాతకం దాన్నిబట్టే రాస్తుంది: భాజకాలు రెండు, వాటి మొత్తం సంఖ్య కంటే ఒకటి ఎక్కువ, అలా. కారణాంకాల కోసం మళ్లీ వెతకదు. వేగం కోసం చేసిన ఏర్పాటు ఇది, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ముద్ర దగ్గర తప్పితే జాతకం మొత్తం తప్పుతుంది.

ఎదురైన సమస్య

టెస్టింగ్ చూసే ఆమె ఓపిక ఉన్న మనిషి. పది సంఖ్యలిచ్చి సరిచూసి వదిలేయకుండా, ఎరటోస్తనీస్ జల్లెడని (ప్రతి ప్రధాన సంఖ్య గుణిజాల్నీ కొట్టేస్తూ పోయి ప్రధాన సంఖ్యల్నే మిగిల్చే పద్ధతి) ముక్కలు ముక్కలుగా 2³² దాకా నడిపించి ఎన్ని ప్రధాన సంఖ్యలొస్తాయో లెక్కపెట్టింది. జల్లెడ లెక్క 20,32,80,221. టీమ్ కోడ్ లెక్క 20,32,80,222.

తేడా ఒకటి.

కోడ్ రాసినతను దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఒకటి తేడా అనగానే ప్రోగ్రామింగ్ తెలిసిన ఎవరికైనా తట్టేది ఒక్కటే: ఎక్కడో మొదలూ చివరా కలుపుకోవడంలో పొరపాటు. 1ని ప్రధాన సంఖ్యగా లెక్కేసి ఉంటారు, లేదా చివరి ముక్కలో హద్దు దాటి ఉంటారు. నేనూ ముందు అదే అనుకున్నాను, అందుకే అక్కడి నుంచే మొదలుపెట్టాం.

100 లోపు రెండూ 25 అన్నాయి. కోటి లోపు రెండూ 6,64,579. మొదట్లో పొరపాటు ఉంటే అది ఇక్కడే కనబడాలి. ఇక 2³² సరిసంఖ్య, చివరి హద్దుని కలుపుకున్నా అదేమీ ప్రధాన సంఖ్య అయిపోదు. కాబట్టి హద్దుల అనుమానం పోయింది. తేడా మధ్యలో ఎక్కడో ఉంది.

ఏం ప్రయత్నించాం, ఏవి పని చేయలేదు

పరిధిని సగానికి కోసి ఏ సగంలో తేడా ఉందో చూడడం, మళ్లీ ఆ సగాన్ని కోయడం. ఇలా ముప్పై రెండు కోతలకు మించి పట్టదు. 2³¹ లోపు రెండు లెక్కలూ 10,50,97,565 దగ్గర కలిశాయి. 300 కోట్ల దాకా కూడా కలిశాయి. ఆ పైన, 330 కోట్ల లోపు, తేడా దొరికింది.

నా తప్పు ఇక్కడ జరిగింది. గుర్తు ఉన్న (అంటే మైనస్ విలువలూ పట్టే) 64-బిట్ పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద విలువకి వర్గమూలం 3037000499. ఘాతం లెక్కించేటప్పుడు రెండు శేషాల్ని గుణిస్తాం కాబట్టి సంఖ్య ఇంతకంటే పెద్దదైతే లబ్ధం పాత్రలోంచి పొంగిపోవచ్చు. 300 కోట్లు దాటాక తేడా అనగానే నా మనసు నేరుగా అక్కడికే వెళ్లింది. "ఓవర్‌ఫ్లో" అని చెప్పేశాను, చాలా ధీమాగా. కోడ్ రాసినతను తను గుర్తు లేని రకాన్నే వాడానని చెబుతున్నా, ఎక్కడో ఒకచోట రకం మారి ఉంటుందని పట్టుబట్టి పైథాన్‌లో మళ్లీ రాయించాను. పైథాన్‌లో పూర్ణాంకాలకి పరిమితి లేదు, పొంగే ప్రశ్నే లేదు.

అర పూట పోయింది. ఈలోపు కోతలు పూర్తయి తేడా వచ్చే ఒకే ఒక్క సంఖ్య చేతికొచ్చింది: 3215031751. పైథాన్ కూడా దాన్ని ప్రధాన సంఖ్య అనే చెప్పింది.

అప్పుడు టెస్టింగ్ ఆమె అడిగింది: "ఓవర్‌ఫ్లో అయితే ఒక్కటే ఎందుకు తప్పుతుంది సార్?"

నిజమే. 3037000499 నుంచి 2³² దాకా ప్రధాన సంఖ్యలు అయిదు కోట్లకు పైగా ఉన్నాయి. గుణకారం పొంగితే వాటిలో చాలా వాటిని కోడ్ ప్రధానాలు కావని తోసేసి ఉండేది. లెక్క కోట్లలో తగ్గాలి, ఒకటి పెరగడమేమిటి? తేడా ఎంతో, ఏ వైపుకో నాకు మొదటి నిమిషం నుంచీ తెలుసు. దాన్ని ఆధారంగా చూడలేదు, ఫిర్యాదులో ఒక వివరంగా చదివి వదిలేశాను.

కోడ్ రాసినతను ఇప్పుడు ఎదురు వాదన మొదలుపెట్టాడు. రెండు వేర్వేరు భాషల్లో ఒకే జవాబు వచ్చింది కాబట్టి జల్లెడే తప్పన్నాడు. రుజువు కోసం ఫెర్మా పరీక్ష కూడా జోడించాడు. ఫెర్మా చెప్పింది ఇది: ఒక సంఖ్య ప్రధానమైతే, దాని గుణిజం కాని ఏ ఆధారాన్ని తీసుకున్నా, సంఖ్యలోంచి 1 తీసేసినంత ఘాతానికి పెంచి ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 వస్తుంది. 2 నుంచి 100 దాకా అన్ని ఆధారాలతోనూ నడిపాడు. తొంభై తొమ్మిదిసార్లూ 1 వచ్చింది. స్క్రీన్ నిండా ఒకట్లు. అది చూశాక జల్లెడని నమ్మాలని ఎవరికీ అనిపించదు.

వాదనలు పక్కన పెట్టి కాగితం తీసుకున్నాం. అంకెల మొత్తం 28, కాబట్టి 3తో పోదు. అంకెల్ని కుడి నుంచి మూడేసి చొప్పున విడదీసి మార్చి మార్చి కూడుతూ తీసేస్తూ పోతే 751 − 31 + 215 − 3 = 932. 1001 అంటే 7, 11, 13ల లబ్ధం గనక, ఈ 932ని వాటితో భాగిస్తే వచ్చే శేషాలే అసలు సంఖ్యకీ వస్తాయి: 1, 8, 9. మూడింటితోనూ పోదు. వర్గమూలం 56701 పైన కాస్త. అంటే అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో, అయిదు వేలకు పైచిలుకు భాగహారాలు చేస్తే విషయం తేలిపోతుంది. కంప్యూటర్‌కి అది రెప్పపాటు పని. ముందే ఎందుకు చేయలేదంటే నా దగ్గర జవాబు లేదు.

ముప్పై ఆరో ప్రధాన సంఖ్య 151 దగ్గర భాగహారం ఆగిపోయింది. భాగఫలం 21291601. దాన్ని ఇంకా విడదీస్తే 751 × 28351.

3215031751 = 151 × 751 × 28351.

జల్లెడ సరిగ్గానే చెప్పింది. పేజీ చూపించిన జాతకం మాత్రం పూర్తిగా తప్పు. భాజకాలు రెండు కాదు, ఎనిమిది. వాటి మొత్తం 3215031752 కాదు, 3240747008. ఉమ్మడి కారణాంకం లేని చిన్న సంఖ్యలు 3215031750 కాదు, 3189375000.

ఇన్ని పరీక్షలు ఎలా మోసపోయాయి

కారణాంకాలు దొరకగానే పని అయిపోయినట్టేనని టీమ్‌లో ఒకరన్నారు. నాకు మాత్రం కుదురు కలగలేదు. తొంభై తొమ్మిది ఫెర్మా ఒకట్లు, నాలుగు మిల్లర్-రాబిన్ అంగీకారాలు. ఇవన్నీ ఒకేసారి ఎలా తప్పాయో తెలియకుండా ఏ మార్పు చేసినా గుడ్డిగా చేసినట్టే.

ఫెర్మా సంగతి ముందు చూద్దాం. ఒక్కో కారణాంకంలోంచి 1 తీసేస్తే 150, 750, 28350. ఈ మూడూ 3215031750ని నిశ్శేషంగా భాగిస్తాయి. కారణాంకాలేవీ రెండోసారి రాకుండా ఇలా కుదిరిన సంయుక్త సంఖ్య, తనతో ఉమ్మడి కారణాంకం లేని ప్రతి ఆధారంతోనూ ఫెర్మా పరీక్ష గట్టెక్కుతుంది. ఈ షరతుని 1899లో కోర్సెల్ట్ రాశాడు. దానికి సరిపోయే అతి చిన్న సంఖ్య 561ని 1910లో కార్మైకేల్ చూపించాడు. అందుకే వీటికి కార్మైకేల్ సంఖ్యలని పేరు. మన సంఖ్య వాటిలో ఒకటి. తొంభై తొమ్మిది ఆధారాలు కాదు, 150 దాకా నడిపినా ఒకట్లే వచ్చేవి. ఒకే మనిషిని తొంభై తొమ్మిదిసార్లు అడిగి తొంభై తొమ్మిది మంది సాక్ష్యమిచ్చారనుకున్నాం.

మిల్లర్-రాబిన్ దీనికంటే గడుసుది. 1976లో మిల్లర్ మొదలుపెట్టి, 1980లో రాబిన్ ఇప్పటి రూపానికి తెచ్చిన ఈ పరీక్ష సగం దారిలో కూడా ఆగి చూస్తుంది. ఇక్కడ 3215031750లో సగం 1607515875. అది బేసి సంఖ్య, ఇక సగం చేయడానికి లేదు. కాబట్టి ఈ సంఖ్య విషయంలో పరీక్ష మొత్తం ఒకే ప్రశ్న: ఆధారాన్ని 1607515875 ఘాతానికి పెంచితే శేషం 1 గానీ, మైనస్ 1 గానీ (అంటే 3215031750) వస్తుందా?

ఆ శేషాన్ని మూడు కారణాంకాల దగ్గర విడివిడిగా చూడాలి. 150లో సగం 75, 750లో సగం 375, 28350లో సగం 14175. ఈ మూడూ 1607515875లో బేసి సార్లు పోతాయి. అందువల్ల ప్రతి కారణాంకం దగ్గరా జవాబు ఒక ఓటులా తేలుతుంది: ఆధారం అక్కడ వర్గ శేషమైతే, అంటే ఏదో ఒక వర్గ సంఖ్యని ఆ కారణాంకంతో భాగిస్తే వచ్చే శేషమైతే, 1. కాకపోతే మైనస్ 1. మూడు ఓట్లూ ఒకటే అయితే సంఖ్య పరీక్ష గట్టెక్కుతుంది. ఓటు చీలితే దొరికిపోతుంది.

ఇక ఆధారాలు ఒక్కొక్కటీ. 2 ఓటు కారణాంకాన్ని 8తో భాగిస్తే వచ్చే శేషం మీద ఆధారపడుతుంది. మన మూడింటికీ అది 7. మూడు ఓట్లూ 1. ఆ తర్వాతి ఆధారాలకి గాస్ నిరూపించిన వర్గ పరస్పర సూత్రంతో ప్రశ్నని తిరగేయవచ్చు: ఆధారాన్ని కారణాంకం దగ్గర చూసే బదులు కారణాంకాన్ని ఆధారం దగ్గర చూడడం. 3తో భాగిస్తే మూడింటికీ శేషం 1. 5తో భాగించినా మూడింటికీ 1. ఇది యాదృచ్ఛికం కూడా కాదు. 150, 750, 28350 మూడూ 150కి గుణిజాలే, 150లో 3 ఉంది, 5 ఉంది. ఫెర్మాని మోసగించిన అల్లికే 3, 5ల ఓట్లనీ ముందే ఒక్క తాటి మీదికి తెచ్చింది. 7తో భాగిస్తే శేషాలు 4, 2, 1. అంకెలు వేరైనా మూడూ 7 దగ్గర వర్గ శేషాలే. మళ్లీ ఏకగ్రీవం.

11 దగ్గర కథ మారుతుంది. శేషాలు 8, 3, 4. 11 దగ్గర వర్గ శేషాలు 1, 3, 4, 5, 9 మాత్రమే. 8 వాటిలో లేదు. 151 ఒక వైపు ఓటేసింది, మిగతా రెండూ మరో వైపు.

ఇది కాగితం మీద తేలాక యంత్రంలో చూశాం. 11ని ఆ ఘాతానికి పెంచితే వచ్చిన శేషం 2129160099. దానికి ఒకటి కలపండి: 2129160100. చివరి రెండు సున్నాలూ చెరిపేస్తే 21291601, అంటే 151తో భాగించినప్పుడు వచ్చిన భాగఫలమే. 11 అనే ఆధారం ఈ సంఖ్య ప్రధానం కాదని చెప్పి ఊరుకోలేదు, కారణాంకాన్ని కూడా చేతిలో పెట్టింది. కోడ్ రాసినతను చాలాసేపు ఆ అంకె వైపే చూశాడు. జల్లెడ గురించి మళ్లీ ఎత్తలేదు.

తప్పు మూలం

2, 3, 5, 7 అనే నాలుగు ఆధారాలు కోడ్‌లోకి ఎలా వచ్చాయి? పక్కన ఒక వ్యాఖ్య ఉంది: "32-బిట్‌కి ఈ నాలుగు చాలు." ఒక్క 2తో పరీక్షిస్తే మోసగించే అతి చిన్న బేసి సంఖ్య 2047, అంటే 23 × 89. 2, 3 రెండూ వాడితే 1373653 దాకా నమ్మవచ్చు. 5 కూడా చేరిస్తే 25326001 దాకా. 7 చేరిస్తే 3215031751 దాకా. ఈ చివరి హద్దు ఏదో కాదు, మన సంఖ్యే. ఎక్కడో "ఇంతకంటే చిన్నవాటికి చాలు" అని ఉన్న మాట చేతులు మారే క్రమంలో హద్దు ఊడిపోయి "చాలు" మాత్రమే మిగిలింది. 2³² అంతకంటే ఇంకో 108 కోట్లు పైన ఉంది.

పొమరన్స్, సెల్‌ఫ్రిడ్జ్, వాగ్‌స్టాఫ్ 1980లోనే 2500 కోట్ల దాకా వెతికి, ఈ నాలుగు ఆధారాల్నీ మోసగించే సంయుక్త సంఖ్య అంత పరిధిలో ఇదొక్కటేనని చూపించారు. అందుకే 429 కోట్లలో సరిగ్గా ఒక్క తప్పు.

ఏది పనిచేసింది

మూడు దారులు ముందున్నాయి. మొదటిది, తొలి భాగహారాల్ని 100 దగ్గర ఆపకుండా 200 దాకా తీసుకెళ్లడం. 151 అక్కడే దొరికిపోతుంది. రెండోది, ఈ ఒక్క సంఖ్యనీ మినహాయింపుగా రాసేయడం. టీమ్ వీటిలో ఏదో ఒకటి చేసి ఆ సాయంత్రమే ముగించేద్దామంది. నేను వద్దంటానని వాళ్లకి తెలుసు, కానీ నా కారణం వాళ్లు ఊహించింది కాదు. రెండో పద్ధతి చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, అయినా గణితపరంగా అది తప్పు కాదు. 1980 నాటి ఫలితం వల్ల 2500 కోట్ల దాకా అది నిరూపణ ఉన్న పరీక్షే. 2³²తో ఆగిపోయే పేజీ అయితే నేనే సరేననేవాణ్ణి, వ్యాఖ్యలో ఆ హద్దు రాస్తే చాలు. కానీ రెండో విడతలో 2⁶⁴ దాకా వెళ్తామని వాళ్ల ప్రణాళికలోనే ఉంది. అప్పుడు హద్దు దాటిన సంగతి ఎవరికీ గుర్తుండదు, ఈసారి జరిగినట్టే.

మూడోది, ఆధారాల్ని మొదటి పన్నెండు ప్రధాన సంఖ్యలకి, అంటే 37 దాకా, పెంచడం. 2⁶⁴ లోపు ఏ సంఖ్యకైనా ఈ పన్నెండూ చాలని నిరూపణ ఉంది. ఖర్చు కాస్త పెరుగుతుంది, పైగా 64-బిట్ సంఖ్యల్ని గుణించడానికి 128-బిట్ లబ్ధం కావాలి. ఓవర్‌ఫ్లో గురించి నేను చేసిన హడావుడి ఈసారి నిజంగా అవసరమైంది. ఇది ఎంచుకున్నాం.

ఆధారాల్ని యాదృచ్ఛికంగా తీసుకుంటే సరిపోదా అని కోడ్ రాసినతను అడిగాడు. మంచి ప్రశ్న. ఏ సంయుక్త సంఖ్య అయినా ఒక యాదృచ్ఛిక ఆధారాన్ని మోసగించే అవకాశం నాలుగింట ఒక వంతుకి మించదు. మన సంఖ్య దాదాపు ఆ గరిష్ఠాన్నే అందుకుంటుంది: మూడు ఓట్లకి ఎనిమిది రకాల కలయికలు, వాటిలో ఏకగ్రీవమైనవి రెండు. ఇరవై యాదృచ్ఛిక ఆధారాలు వాడితే మోసపోయే అవకాశం లక్ష కోట్లలో ఒకటి కంటే తక్కువ. అది చాలు, నిజమే. కానీ ఒకే సంఖ్యకి పేజీ ప్రతిసారీ అదే దారిలో అదే జవాబు చెప్పాలని వాళ్ల నియమం, పైగా 2⁶⁴ లోపు నిరూపణే చేతిలో ఉన్నప్పుడు అవకాశాలతో పనేముంది?

మార్చిన కోడ్‌ని 2³² దాకా మళ్లీ నడిపారు. 20,32,80,221. టెస్టింగ్ ఆమె 2047, 1373653, 25326001, 3215031751 నాలుగింటినీ శాశ్వత పరీక్షల జాబితాలో చేర్చింది. ఒక్కోదాని పక్కన అది ఏ ఆధారాల్ని మోసగిస్తుందో రాసి పెట్టింది. ఆధారాల పక్కన ఉండే వ్యాఖ్యలో హద్దు లేకపోతే కోడ్ రివ్యూలో వెనక్కి పంపాలన్నది కూడా ఆమె పెట్టిన నియమమే.

2⁶⁴ పైన ఏం చేయాలన్నది నేను బయటికొచ్చేనాటికి తేలలేదు. అక్కడ పేజీ "బహుశా ప్రధాన సంఖ్య" అని చూపించాలని నా సలహా. పిల్లలు చదివే పేజీలో గణితం "బహుశా" అనకూడదని కోడ్ రాసినతని అభ్యంతరం. అనాల్సిందేనని టెస్టింగ్ ఆమె.